గంజి గుడ్డ గుడారం

పోయిన మంగళవారం మా అత్త చనిపోయింది. నగరిలో, సొంత ఇంట్లో, మగ్గాలు ఆపి అందరూ అన్నాలకు లేచే వేళకు. చిత్తూరు బళ్లో పాఠం చెబుతుంటే మామ ఫోన్ చేసి, "మీ అత్త ఎల్లిపోయింది పాపా" అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఆ కోపం తగ్గకముందే ఇది రాస్తున్నాను.

ఆమె మా నాయన చెల్లెలు. మామా, ఆమే కలిసి మరమగ్గాలు నడిపేవాళ్లు. కరెంటు లేని రోజుల్లో వీధంతా అరుగుల మీద కూర్చుని తిట్టుకుంటుంటే, వీళ్లిద్దరూ నూలు మోసే పాత వ్యానులో స్టవ్వూ, చాపా, బియ్యం వేసుకుని బయలుదేరేవాళ్లు. ఒకసారి పులికాట్, కోడియక్కరై సముద్రపు ఒడ్డులు, ఇంకోసారి తలకోన, ముదుమలై అడవులు. ఫారెస్టు వాళ్లు చూపించిన చోట గుడారం వేసుకుని రెండు మూడు రోజులుండి వచ్చేవాళ్లు.

గుడారం అత్తే కుట్టింది, తమ మగ్గం మీద నేసిన గళ్ల గుడ్డతో. మొదటిసారి తలకోనలో తెల్లారేసరికి బయట ఏదో చప్పుడు. తొంగి చూస్తే జింకలు గుడారాన్ని నాకుతున్నాయి. నూలుకు పట్టించిన గంజి గుడ్డలో అలాగే ఉంది మరి. "ఉతకలేదా మే?" అని మామ అడిగితే, "అమ్మే గుడ్డను యాడన్నా ఉతుకుతారా?" అందట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా జింకలు ఒకటీ రెండూ పెరిగేవి.

ఈ తిరుగుడు గిట్టనిది మామ అన్నకు, మా పెద్దమామకు. "ఆడది అడివిలో పండుకుంటే ఇంటి పరువు యాడుంటాది?" అని నలుగురిలో అనేవాడు. అత్త ఎదురు చెప్పేది కాదు. ఊరు చేరగానే స్నానమైనా చేయకుండా నేరుగా ఆయన ఇంటికి పోయి, ఆయన మంచం మీదే కూర్చుని, "బాగుండారా బావా" అని పలకరించి, కుచ్చిళ్లలోని ఇసుకంతా అక్కడే దులిపి వచ్చేది. "మాటంటే ఆయప్ప మరిసిపోతాడు పాపా. ఇసకైతే వారం గుచ్చుకుంటాది" అనేది. కక్ష ఎలా తీర్చుకోవాలో నాకు నేర్పింది ఆమే.

పోయినేడు ఆమె కడుపులో గడ్డ బయటపడింది. నెల రోజులు తిరుపతి ఆసుపత్రిలో ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆమె ఒక్కటే అడిగింది: పక్షులొచ్చే చలికాలంలో, పులికాట్ ఒడ్డున, తన గుడారంలో ఒక్కరోజు. మామ వ్యానులో పరుపు వేసి, గుడారం కోసం అటక ఎక్కాడు. అక్కడ లేదు. మగ్గాల షెడ్డులో దొరికింది, జానెడు ముక్కలై, ఆయిలు తుడిచే గుడ్డలై. ఆమె ఆసుపత్రిలో ఉండగా పెద్దమామే కత్తిరించాడు. "ఇంగ దాంతో ఏం పని? లేసేదా, పొయ్యేదా?" అన్నాడు, ఆమెకు వినబడేటట్టే.

మామ కొత్తది కొంటానన్నాడు. అత్త వద్దంది. మళ్లీ పులికాట్ ఊసెత్తలేదు. నన్ను మాత్రం దగ్గరికి పిలిచింది. మా ఇళ్లల్లో పోయిన ఆడమనిషి మీద ఇంటిపెద్ద సొంత మగ్గం చీర కప్పాలి. "ఆయప్ప చీర తెస్తాడు. కప్పనీయొద్దు మే. మీ మామకు చేతకాదు, నువ్వే ఆపాల" అంది.

తెచ్చాడు. పసుపు చీర, ఎర్రంచు. నేను అడ్డం నిలబడ్డాను.

"వద్దు పెద్దమామా. మీ చీర తన మీద పడకూడదని అత్త చెప్పి పోయింది."

"ఏం మాటలు మే ఇవి, పీనుగు ముందర?"

"ఆమె గుడారం కోసినారు కదా, అందుకు" అన్నాను, వీధిలో వాళ్లకూ వినబడేంత గట్టిగా.

ఆయన తమ్ముడి వైపు చూశాడు. ఏనాడూ అన్న మాట కాదనని మా మామ తలెత్తకుండా వంగి పాడె పట్టుకున్నాడు.

చావు దగ్గర పంతాలేమిటని తర్వాత చాలామంది నన్ను తిట్టారు. తిట్టనీ. ఆయన్ను నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు. అత్త చెప్పిన పని చేశాను, నా కడుపు చల్లబడింది.

పాడె లేచింది. శవానికని తెచ్చిన చీరను తిరిగి ఇంట్లోకి తీసుకుపోకూడదు. పెద్దమామ దాన్ని పక్కనున్న ఒకరికి ఇవ్వబోయాడు, అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఇంకొకరికి చాపాడు. అందరూ ఆయన్ను తప్పుకుంటూ పాడె వెంట నడిచిపోయారు. నడివీధిలో, ఎర్రటి ఎండలో, మడత విప్పని చీర రెండు చేతుల్లో పట్టుకుని ఆయనొక్కడే నిలబడి ఉన్నాడు.