ఫ్లెక్సీ వద్దన్న మనిషి

మా ఎదురింటి లెక్చరర్ గారు ఆస్పత్రిలో పోయారని రేపల్లె ప్యాసింజర్‌లో తెలిసింది. చెప్పినవాడు ఆయన్ని "కొరియా సార్" అని వెక్కిరించినవాడే. ఇప్పుడేమో "మహానుభావుడండీ" అంటూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఛీ, సిగ్గుండాలి.

ఆయన బాపట్లలో చరిత్ర చెప్పేవారు. నేను తెనాలిలో దిగిపోయేదాన్ని, ఆయన అక్కడ బండి మారేవారు. అందాకా ఆయన ఒళ్ళో ఉత్తర కొరియా చరిత్ర పుస్తకం ఏదో ఒకటి ఉండేది. పేజీ మూల మడిస్తే మండిపడేవారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లలో ఆ దేశం మీద జోకులు చూసి పడీపడీ నవ్వుతుంటే, "వీడియో చూస్తే నవ్వొస్తుందమ్మాయ్, పుస్తకం చదివితే ఆ నవ్వు ఆగిపోద్ది" అనేవారు. ఆయన పుస్తకాలివ్వకపోతే నేనూ ఆ ఇకిలించేవాళ్ళలో ఒకదాన్నే. యుద్ధం, కరువు, మూసుకుపోయిన సరిహద్దు, ఇంటింటి గోడ మీదా నాయకుల పటాలు. నాయకుడు పోతే, పక్కవాడు చూస్తున్నాడని గుండెలు బాదుకున్న జనం.

"అంత పిరికివాళ్ళా బాబాయి గారూ?" అన్నాను.

"వాళ్ళకి ప్రాణభయం. మనవాళ్ళకేం భయమని సెంటర్లో అన్ని ఫ్లెక్సీలు? నేను పోతే నా బొమ్మ వీధిలో కట్టనివ్వకు. మాటివ్వు."

ఇచ్చాను.

మూడోనాటికల్లా వాళ్ళ గేటుకి ఫ్లెక్సీ వచ్చింది. దాన్నిండా మా వార్డు నాయకుడు, పళ్ళన్నీ బయటపెట్టి, దణ్ణం పెడుతూ. కింది మూలన తపాలా బిళ్ళంత మా బాబాయి గారు.

"తీసేయండి, ఆయన వద్దన్నారు" అన్నాను, తాడు కడుతున్న భక్తుడితో.

"అదేంటక్కా! అన్న ఫీలవుతారు."

పోయిందెవరు, ఫీలయ్యేదెవరు! ఒళ్ళు మండిపోయింది. కత్తెర తెచ్చి తాళ్ళు తెగ్గోశాను. వాడు ఫోన్ తీసి, "అన్నకి ఫొటో పంపిస్తా" అని బెదిరించాడు.

"నా మొహం బాగా పడేట్టు తియ్యి" అన్నాను.

చింపబోతుంటే పిన్ని గారు, ఆయన భార్య, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో ఆపారు. "చింపకే అమ్మాయ్. వెనకాల తెల్లగానే ఉందిగా. మినుములు ఎండబోసుకోవచ్చు."

కర్మలయ్యాక ఒక మధ్యాహ్నం మా డాబా మీంచి చూశాను. వాళ్ళ డాబా మీద ఫ్లెక్సీ బోర్లా పరిచి ఉంది, దాన్నిండా మినుములు. పిన్ని గారు అటూ ఇటూ నడుస్తూ వాటిని కాళ్ళతో తిరగదోస్తున్నారు. కింది మూల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆగి, వంగి, చేత్తో సర్దుతున్నారు.