చిన్నదొర వరుస కలిపిన వైనం

ఆ రోజుల్లో మా వైపు ఊళ్లలో ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ని లోకజ్ఞానం లేనివాడికింద లెక్కకట్టేవాళ్లు. వడ్లకైతే కొలత ఉంది గానీ ముచ్చటకు కొలతేమిటని అందరూ ధారాళంగా పోసేవాళ్లు. ఆ గాలిలో పెరిగినవాణ్ని కనక ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. గజం పామును చూస్తే ఇల్లు చేరేసరికి అది మూడు గజాలవుతుంది. రెండోసారి చెప్పేటప్పటికి దానికి మీసాలు మొలుస్తాయి. నా స్నేహితులు నా మాటలను చాటలో పోసి చెరిగి, పొల్లు పోగా మిగిలిందే పుచ్చుకుంటారు. మీరూ అలాగే చేయండి. కాకపోతే మరీ గట్టిగా చెరిగి గింజలు కూడా పారబోయకండి. నేను చెప్పబోయే వాటిలో నమ్మశక్యం కానివే ఎక్కువ నిజాలు.

పోలీసు చర్య జరిగి రెండు మూడేళ్లయి ఉంటుంది. నేను సుల్తానాబాద్ దగ్గరి మా ఊళ్లో, రెండో దండయాత్రలో మెట్రిక్ గెలిచి, ఏం చేయాలో తెలియక మీసం పెంచుతున్నాను. మా బాపు మిషన్ బడిలో పంతులు. ఒకరోజు పొద్దున్నే వచ్చి, మిషన్ బంగళాకు కొత్త దొర వచ్చాడనీ, ఆయనకు తెలుగు నేర్పడానికి మున్షీ కావాలనీ, ఆ మున్షీని నేనేననీ చెప్పాడు. ఉర్దూలో మెట్రిక్ ప్యాసైనవాడు ఇంగ్లీషువాడికి తెలుగు నేర్పాలన్నమాట! (ఆ రోజుల్లో అర్హతలు ఇలాగే ఉండేవి.) బంగళాలో అప్పటికే ఒక పెద్దదొర ఉన్నాడు కనక కొత్తాయన చిన్నదొర అయ్యాడు. చిన్న అన్నది వయసుకే. ఇరవై మూడేళ్ల ఆ మనిషి బంగళా గుమ్మం దాటాలంటే మూడు మడతలు పడాలి. ఆయన బూట్లలో ఒకదాన్ని గోదావరిలో వదిలితే మంథని నుంచి ఆవలి గట్టుకు నలుగురు కూచొని దాటవచ్చు, రెండో దాంట్లో వాళ్ల సామాను. సముద్రాల అవతల ఏదో చలిదేశంలో తల్లిని వదిలి, మా ఎండలో సువార్త చెప్పడానికి వచ్చిన ఆయన ముఖం ఉగాది వచ్చేసరికి టమాటా అయింది, ఎండాకాలం నడిమికి ఉడికిన టమాటా అయింది. కానీ మనసు మాత్రం వెన్నముద్ద. దోమను చంపేముందు కూడా దానికి క్షమాపణ చెప్పేవాడు.

ఆయనతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. వాళ్ల దేశంలో పుస్తకం చూసి నేర్చుకున్న తెలుగు గుడిలో చదవడానికి బాగుంటుంది గానీ దారిలో పలకరించడానికి పనికిరాదు. ఎడ్లను తోలుకుపోయే మనిషిని ఆపి, "ఓ సహోదరుడా, నీ క్షేమము ఎట్లున్నది?" అంటే, ఆ మనిషి దొర ఎవరితో మాట్లాడుతున్నాడా అని వెనక్కి తిరిగి చూసేవాడు. చిన్నదొరకు ఇది చాలా బాధగా ఉండేది. "మున్షీ, నేను వీరి మనిషిని ఎట్లు అగుదును?" అని అడిగాడు ఒకరోజు. వరుసల సంగతంతా విప్పి చెప్పడానికి అదే సమయం. కానీ ఆ పూట ఎండ మండుతోంది, నాకు కునుకు వస్తోంది. అందుకని, "ఏం లేదు దొరా, ఊళ్లో నేను ఎవరిని ఎట్లా పిలిస్తే మీరూ అట్లాగే పిలవండి" అని ఒక్క ముక్కలో పాఠం ముగించాను. ఇంత హాయిగా చెప్పిన పాఠం నా జన్మలో మరొకటి లేదు, ఇంత తిప్పలు తెచ్చింది కూడా.

గోదావరి దాటి ఆదిలాబాద్ జిల్లా వైపు ఆరు మైళ్లు సైకిలు తొక్కితే మా అవ్వ (మా వైపు అమ్మను అట్లాగే అంటాం) పుట్టిన ఊరు వస్తుంది. అక్కడ సంఘ పెద్ద మా అవ్వకు పెదనాన్న కొడుకు, అంటే నాకు మేనమామ. ప్రార్థనకు గంట కొట్టేది ఆయనే కనక ఊరంతా ఆయన్ను గంట పెద్దాయన అనేవాళ్లు, నేను గంట మామ అనేవాణ్ని. మామకు కొడుకుల్లేరు. ఒక్కతే బిడ్డ. బోర్డింగ్ బడిలో ఏడో తరగతి చదివి వచ్చి, ఆదివారం పిల్లలకు పాటలు నేర్పేది. సంఘాలు పదకొండు ఉంటే చిన్నదొరను నేను నెలకు నాలుగుసార్లు ఈ ఊరికే ఎందుకు తీసుకుపోయేవాణ్నో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆయనకు అర్థం కాలేదు. ఈ ఊరి ఆత్మల మీద మున్షీకి ఎంత భారమో అని పెద్దదొరకు నా గురించి గొప్పగా చెప్పాడట.

సరే, పాఠం చెప్పిన మరుసటి ఆదివారం ప్రార్థన ఇంటి ముందు సైకిళ్లు దిగగానే నేను, "మామా, వందనాలు" అన్నాను. నా వెనకే తాటిచెట్టు మీంచి దిగినట్టుగా ఇంకో గొంతు, "మామా, వందనాలు!" అంది. గంట మామ చేతిలోని గంట కర్ర కింద పడింది. చిన్నదొర అంతటితో ఆగాడా? మామ భార్యను "అత్తా" అన్నాడు. మామ తల్లి, తొంభై ఏళ్ల ముసలామె (మొన్న డెబ్బై అన్నానని గుర్తు, పోనివ్వండి), ఆమెను "అమ్మమ్మా" అన్నాడు. ఆమె తన చేతికర్రతో ఆయన బొడ్డు దాకా కొలిచి చూసి, "ఓరి దేవుడా, గింత పొడుగు మనుమడు నాకెప్పుడు పుట్టిండే?" అంది. ఊరు ఊరంతా నవ్వింది. చిన్నదొర కూడా నవ్వాడు. వచ్చిన ఇన్ని నెలల్లో ఆయనను చూసి కాక ఆయనతో కలిసి జనం నవ్వడం అదే మొదలు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. వాళ్ల దేశంలో మేనమామకూ, చిన్నాయనకూ, మేనత్త మొగుడికీ అందరికీ కలిపి ఒకటే పిలుపట. మనకు అట్లా కాదు కదా! మామా అన్నావంటే ఆయన బిడ్డ నీకు మరదలు. ఆమె చెల్లెలి వరుసవాళ్లంతా మరదళ్లు. ఆ మాట పడ్డ క్షణం నుంచి ఊళ్లోని ఇరవై మంది ఆడపిల్లలకు (సరే, తొమ్మిది మంది) చిన్నదొర మీద హక్కు వచ్చేసింది. ఆయన ప్రసంగం చేస్తుంటే బూట్లు తీసుకుపోయి గడ్డివాములో దాచారు. మజ్జిగలో మిరపపొడి కలిపి ఇచ్చారు. ఆయన ఆ గ్లాసు ఒక్క చుక్క మిగల్చకుండా తాగి, కళ్ల వెంట ధారలు కారుతుంటే, "మున్షీ, వీరి ప్రేమ చాలా వేడి" అన్నాడు. ఆ ఊళ్లో యువజనుల మధ్య గొప్ప కదలిక వచ్చిందని వాళ్ల అమ్మకు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు.

అయినా అది నవ్వులతోనే పోయేది, నేను ఇంకో తెలివైన పని చేయకపోతే. కరీంనగర్‌లో మామ బిడ్డ కోసం డజను ఆకుపచ్చ గాజులు కొన్నాను. కొన్నాను గానీ ఇచ్చే ధైర్యం ఏది? ఆ పిల్ల ఎదురుపడితే నా నాలుక మడతపడేది. అందుకని గాజులను కాగితంలో చుట్టి, "దొరా, ఇవి గంట మామ ఇంట్లో ఇవ్వండి, పిల్లలకు పాటలు నేర్పుతున్నందుకు" అన్నాను. సంఘం తరఫున బహుమానం అనుకుంటారు, తరువాత మెల్లగా ఆమెకు నిజం తెలుస్తుంది, నా మీద గౌరవం పుడుతుంది. ఇదీ నా పన్నాగం. చిన్నదొర ఏం చేశాడంటే, ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ లేవకముందే ముందుకు నడిచి, కాగితం విప్పి, గాజులు పైకెత్తి చూపించి, తొణక్కుండా అన్నాడు: "మామా, ఇవి నీ బిడ్డకు."

ప్రార్థన ఇంట్లో చంటిపిల్ల కూడా ఏడుపు ఆపేసింది. మామా అని పిలిచినవాడు నలుగురిలో గాజులు పెడితే దాని అర్థం ఏమిటో ఊళ్లో మేకలకు కూడా తెలుసు.

గంట మామ నన్ను చింతచెట్టు కిందికి లాక్కుపోయాడు. "అల్లుడా, జర నిజం చెప్పు. దొరోళ్ల దేశంల జొన్నరొట్టె దొర్కుతదా?"

"యాడిది మామా! ఆడ మంచు తప్ప ఏం పండది. పాలు పిండితే గడ్డలు గడ్డలు రాలుతయట."

"అయ్యో! మరి నా బిడ్డ ఎట్ల బతుకుతదిరా?" మామ తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. "వద్దందామంటే దొరాయె. సరే అందామంటే బిడ్డాయె. నేనైతే మస్తు పరేషాన్ల ఉన్న. నీకిద్దామని మీ అవ్వ ఎప్పటిసంది అడుగుతాంది, ఇగ నీకేం చెప్పాలె?"

నా గుండె జారి గోదావరిలో పడి కొట్టుకుపోయింది. అంటే నేను నోరు తెరిచి అడిగి ఉంటే అయిపోయేదన్నమాట!

అక్కడే పంచాయితీ మొదలైంది. ముసలమ్మ మంచం వాల్పించుకొని కూచుంది. ఎదురుగా చిన్నదొర, ఏదో మంచి జరుగుతోందని నవ్వుతూ. మధ్యలో దుబాసీగా నేను. "అడుగురా మనుమడా, దొరకు వాళ్ల దేశంల ఎవతన్న పిల్ల కుదిరిందా అని." చూశారా, దేవుడు దారి చూపించాడనుకున్నాను. ఇంగ్లీషులో చిన్నదొరను, "ఈ గంట చప్పుడు మీకు సరిపోతుందా అని అడుగుతున్నారు" అన్నాను. ఆయన చాలా బాగుందని తల ఊపాడు. నేను వాళ్లవైపు తిరిగి, "కుదిరిందట అమ్మమ్మా! వచ్చే ఏడు పెండ్లట, పిల్ల ఈయన కంటే పొడుగట" అని ప్రకటించాను.

చిన్నదొర నా వైపు వింతగా చూశాడు. తరువాత ముసలమ్మ వైపు తిరిగి, నేను ఎనిమిది నెలలు చెమటోడ్చి నేర్పిన తెలుగులో, ఒక్క తప్పు లేకుండా, "లేదు అమ్మమ్మా. నాకు ఏ పిల్లా కుదరలేదు" అన్నాడు.

ప్రపంచంలో ఏ పంతులూ శిష్యుడి తెలివికి అంతగా కుమిలిపోయి ఉండడు.

"ఏందిరా గిది?" ముసలమ్మ కర్ర నా వైపు లేచింది. ఇక దారి లేదు. "గాజులు నేనే తెచ్చిన అమ్మమ్మా. ఇయ్యనీకి భయమై దొర చేతిల పెట్టిన. మామా అనుమన్నది గూడ నేనే."

"ఓరి పిరికి సన్నాసీ! నీ గాజులియ్యనీకి సముద్రం అవతలి నుంచి మనిషి రావాల్నార?"

జనం పడీపడీ నవ్వుతుంటే నేను చిన్నదొరకు వరుసలన్నీ, ఆ ఎండపూట చెప్పాల్సిన పాఠమంతా, అప్పుడు చెప్పాను. ఆయన నోటు పుస్తకం తీసి గీతలు గీసుకున్నాడు. సంగతి అర్థమయ్యేసరికి ముఖం ఎంత ఎర్రబడిందంటే, సూర్యుడు కుంకుతున్నాడనుకొని కోళ్లు గూళ్లలోకి పోయాయి. లేచి నిలబడి, ముసలమ్మ ముందు వంగి, "అమ్మమ్మా, తప్పు అయినది. ఇప్పుడు నేను ఏ వరుస?" అని అడిగాడు.

ముసలమ్మ కర్ర కింద పెట్టింది. "నా కొడుకును కాకా అను. గప్పుడు నా మనుమరాలు నీకు చెల్లె అయితది. నన్ను గూడ అమ్మమ్మ అనకు, బాపమ్మ అను."

"కాకా" అన్నాడు చిన్నదొర, మామ కాస్తా చిన్నాయన అయ్యాడు. గంట మామ వదిలిన ఊపిరికి పందిరి తాటాకులు కదిలాయి.

"ఉత్తగ అంటే సరిపోదు బిడ్డా. వీనికి మగ పోరగాండ్లు లేరు. చెల్లె పెండ్లిల అన్న చేసే పని నువ్వే చెయ్యాలె." అని, గుమ్మం చాటు నుంచి చూస్తున్న మనుమరాలితో, "ఏమే, గీ పిరికోడు నీకు సమ్మతమేనా?" అంది.

ఆ పిల్ల గడప దాటి వచ్చి, నలుగురూ వినేలా, "గీయన తప్ప ఎవరొద్దు బాపమ్మా. ఢిల్లీ బాద్షా వచ్చినా వద్దు" అంది.

కోతలయ్యాక పెండ్లి. పాస్టరు అయ్యగారు చదవాల్సినవి చదివాక ఊరి పద్ధతులు ఊరివే. పీట మీద నేను. ముందు వరసలో కుర్చీలేసుకొని పెద్దదొర, దొరసానమ్మ. పెండ్లికొడుకు కాళ్లు కడగాల్సింది పెండ్లికూతురి అన్న. ఇత్తడి చెంబు పట్టుకొని చిన్నదొర వచ్చి, మూడు మడతలూ పడి, మోకాళ్ల మీద కూచున్నాడు. నా కాళ్లకు సైకిలు చెయిన్ నల్లమరక ఇంకా ఉంది. అప్పటిదాకా బంగళా వరండాలో ఆయన కుర్చీలో, నేను చాపమీద. సిగ్గుతో కాళ్లు వెనక్కి లాక్కోబోయాను. ఆయన చీలమండ గట్టిగా పట్టుకొని, "కదలకు బావా" అన్నాడు.

ఆ వరుస నేను నేర్పలేదు. తన నోటు పుస్తకంలోని గీతలు చూసుకొని తనే తేల్చుకున్నాడు. పెద్దదొర ఒకసారి దగ్గాడు. ఆ దగ్గుకు అర్థమేమిటో ఇరవై ఏళ్లు ఆయన దగ్గర పనిచేసిన వంటాయనకు కూడా తెలియలేదు. చిన్నదొర మాత్రం మరక పోయేదాకా రుద్ది రుద్ది కడిగాడు.

ఇందులో కాళ్లు కడిగిన ముచ్చటే నేను అల్లానని మీరు అనుకుంటారు. కాదు, అది అక్షరాలా జరిగింది. మజ్జిగ నిజం, గాజులు నిజం, నా దుబాసీతనమూ నిజం. కోళ్ల సంగతి మీరే చూసుకోండి. నేను అచ్చంగా అల్లింది ఒక్కటే. ఢిల్లీ బాద్షా మాట. ఆ పిల్ల ఆ రోజు అలాంటిదేమీ అనలేదు. నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, "ఆలోచించి చెప్త" అని లోపలికి పోయింది. మూడు రోజులు ఆలోచించింది. ఆ మూడు రోజులూ నేను అన్నం ముట్టలేదు (రెండు పూటలు తప్ప). సగం మీసంతో, మరకల కాళ్లతో, డజను గాజులివ్వడానికి కూడా ఇంకొకరి చేతులు వెతుక్కున్న ఆ మున్షీని ఇవాళ తలచుకుంటే, ఆమె మూడు రోజులతో సరిపెట్టడం దయే అనిపిస్తుంది. అన్ని రోజులు ఏం ఆలోచించావని ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాను. చాట పక్కన పెట్టి, నన్ను మళ్లీ కింది నుంచి పైదాకా చూసి, "ఇంకా ఆలోచిస్తున్న" అంటుంది.