అక్క మొహం మీద వెలుగు

అరవైల చివర పాతపట్నంలో మాకు తెలిసిన ఫొటోగ్రాఫరు ఒక్కడే. ఆయన దగ్గర ఫ్లాష్ లేదు. ఎవరింటికి వెళ్లినా ముందు గదంతా తిరిగి, అరచెయ్యి చాపి, దాని మీద వెలుగు ఎలా పడుతోందో చూసుకునేవాడు. ఆ తరవాతే కెమెరా బయటికి తీసేవాడు.

పెళ్లివారికి పంపడానికి అక్కను ఫొటో తీయమని నాన్న ఆయన్ని ఇంటికి పిలిచాడు. చిన్నప్పుడు వచ్చిన మశూచి వల్ల అక్క మొహమంతా గుంటలే.

"అవి కనబడకుండా తియ్యి బావా," అన్నాడు నాన్న.

ఆయన కిటికీకి పల్చటి పంచె కట్టి, దానికి ఎదురుగా అక్కను కూర్చోబెట్టాడు.

"పక్కనించి ఎలుగు పడితే గుంటలు తెలిసిపోతాయమ్మా. కిటికీకేసే సూడు."

ఫొటోలో అక్క మొహం నున్నగా వచ్చింది.

ఆ ఫొటో నచ్చి వచ్చిన పెళ్లివారు అక్కను చూడగానే ఫొటో అక్కడే పడేసి లేచి బయటికి వెళ్లిపోయారు. "మోసం సేసినారు," అని వీధిలో నిలబడి అరిచారు. అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు.

సంగతి తెలిసి ఆయన మా ఇంటికి వచ్చాడు.

"తప్పు నాదేనమ్మా. ఆ ఫొటో ఇలాగియ్యి, సింపేస్తాను."

అక్క దాన్ని గుండెకు అదుముకుంది.

"ఒద్దు మావా. నా మొగం బాగుండడం ఇందులోనే సూసినాను. ఇది కూడా నాకు నేకుండా సేస్తావేటి?"

ఆయన గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. నాన్న మాత్రం ఆయన వైపు గానీ, అక్క వైపు గానీ చూడలేదు.