ఉత్తికాళ్ళ ఒంతాంగ్

కేప్‌టౌన్‌లో సగం ఊరికి బూట్లు కుట్టిన ఒంతాంగ్‌కు బూట్లు తొడిగే హక్కు లేదు. మా బానిసలెవరికీ లేదు. కావలివాళ్ళు మా ముఖాలు చూసేవారు కాదు, కాళ్ళే చూసేవారు: ఉత్తికాళ్ళయితే బానిస, బూట్లుంటే కాదు.

వాణ్ణి పదేళ్ళప్పుడు జావా నుంచి ఓడలో తెచ్చి అమ్మారు. వాణ్ణి కొన్న ఇంట్లోనే నేను బట్టలు ఉతికేదాన్ని. నన్ను అక్కా అనేవాడు.

ఇంగ్లీషు దండు ఊరిని పట్టుకున్నాక కెప్టెన్ మెరిడెన్‌కు నాటకశాల పిచ్చి పట్టింది. చందాలు పోగుచేశాడు, గోడలు లేపించాడు. వేషాలకు బూట్లు కుట్టడానికి ఒంతాంగ్‌ను మా యజమాని దగ్గర అద్దెకు తీసుకున్నాడు. "మొదటి ఆట బాగా జరగనీ, నీ విడుదల గురించి మీ యజమానితో మాట్లాడతా" అన్నాడట. ఆ మాట పట్టుకుని వాడు ఆరు నెలలు ఒళ్ళు దాచుకోకుండా కుట్టాడు.

ఆట రోజున సేవకుడి వేషం కట్టాల్సిన సిపాయి జ్వరంతో పడ్డాడు. కెప్టెన్ తానే ఒంతాంగ్‌కు వెండి కట్ల బూట్లు తొడిగించి, చేతిలో పళ్ళెం పెట్టి రంగం మీదికి తోశాడు. గవర్నరు చప్పట్లు కొట్టాడు.

ఆదివారం పొద్దున వాడు ఆ బూట్లతోనే వీధిలోకి బయల్దేరాడు.

"ఒరే, మతి పోయిందా? విప్పు!"

"ఎందుకక్కా? దొరే తొడిగించాడు. గవర్నరు చూశాడు. ఇంక విడుదల కాగితం దేనికి?"

"నాటకంలో రాజైనోడు ఇంటికొచ్చి సింహాసనం అడుగుతాడంట్రా, పిచ్చి సన్నాసీ!"

"నీకు కుళ్ళక్కా" అని నవ్వుతూ పోయాడు.

చర్చి మలుపులోనే కావలివాళ్ళు పట్టుకుని స్తంభానికి కట్టారు. ముప్ఫైతొమ్మిది కొరడా దెబ్బలన్నారు. నేను పరుగున వెళ్ళి కెప్టెన్ కాళ్ళ మీద పడ్డాను.

"మీరే తొడిగించారు దొరా. ఒక్క మాట చెప్పండి."

"వాడు నా బానిస కాదు, నేనేం చెప్పను? ఆ బూట్లు మాత్రం శనివారం ఆటకు కావాలి, పట్రా."

దుర్మార్గుడు. అయినా నేను వెళ్ళాను. కట్టేసి ఉన్నవాడి కాళ్ళ నుంచి ఆ బూట్లు విప్పింది నేనే.

కెప్టెన్ ఓడెక్కి తన దేశం పోయాడు. విడుదల మాట ఎవరూ ఎత్తలేదు. ఒంతాంగ్ మరో ముప్ఫైఏడేళ్ళు ఉత్తికాళ్ళతో ఊరికి బూట్లు కుట్టాడు.

బానిసత్వం రద్దై చట్టం మమ్మల్ని వదిలిన రోజున తన కోసం ఒక జత కుట్టుకున్నాడు. అప్పటికి పాదాలు బీటలు వారి, వేళ్ళు తలోదిక్కుకూ తిరిగిపోయాయి. మూడడుగులు వేసి గుమ్మంలో కూలబడ్డాడు.

"కరుస్తున్నాయక్కా" అన్నాడు.

ఈసారీ నేనే విప్పాను.