గ్రూపు కలవని మనిషి

ఇరవై ఏళ్ల కిందట కర్నూలు నుంచి కడప వెళ్లే బస్సులో నా పక్కన ఒకామె, ఆమెకు అవతల భర్త కూర్చున్నారు. వాళ్లకు బద్వేలులో బట్టల అంగడి ఉందట. ఆమె ముఖం మీద కొంగు కప్పుకొని నిద్రపోతోంది.

ఏం చదువుతున్నావని ఆయన అడిగితే, ప్రయోగశాలలో మనిషి కాలేయపు కణాలు పెంచుతామని ఉత్సాహంగా చెప్పాను. అవి ఒంటరిగా ఉంటే కొద్ది రోజుల్లోనే పని మరిచిపోతాయని, రక్తనాళాల కణాలూ మరికొన్ని రకాలూ తోడుంటేనే నిలుస్తాయని కూడా చెప్పాను.

ఆయన తన భార్య ముఖం మీది కొంగు తొలగించాడు. ఆమె కళ్లు తెరిచింది. పచ్చగా ఉన్నాయి.

"ఈమెకు కార్జం చెడిపోయిండాది. నాదాంట్లో ముక్క ఇస్తానంటే గ్రూపు కలవదన్నారు. మీరు పెంచింది పెట్టచ్చు కదమ్మా?"

"అది గాజు పళ్లెంలో పలుచటి పొర మాత్రమేనండీ. మనుషులకు పెట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలీదు."

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, భార్య మీదుగా చేతిని నా ముందుకు చాపాడు.

"శానా రకాలు కావల్లంటివి కదమ్మా. అవన్నీ నాలో ఉండాయి. యాడ కావల్లంటే ఆడ కోసుకో తల్లీ."

నేను ఆ చేతిని మెల్లగా కిందికి దించాను. బద్వేలు బస్సు ఎక్కడానికి మైదుకూరులో ఆయన ఆమెను పొదివి పట్టుకుని దిగిపోయాడు. వాళ్ల సంగతి మళ్లీ తెలియలేదు.

ఇప్పటికీ ఎవరైనా నా పని గురించి అడిగితే, అది రోగులకు అందే దశకు ఇంకా రాలేదని ముందు చెప్పి, తర్వాతే మిగతాది చెబుతాను.