అరగదీసిన అచ్చు

పదేళ్ళ పైచిలుకుగా నా నాలుక కింద ఒక చెక్కపేడు ఉంది. ఉమ్మలేను, మింగలేను. నన్నెరిగినవాళ్ళు ఇది చదివితే నవ్వుతారు. "ఆవిడ నాలుక కింద పేడా? అదే నిజమైతే తెనాలిలో సగంమంది సుఖపడేవాళ్ళే" అంటారు. అననివ్వండి. కూరగాయల బండి దగ్గర్నుంచి కరెంటాఫీసు దాకా నేను వాదించి నెగ్గని చోటు లేదు. నోరు మూసుకోవలసిన చోట తెరవడం నా అలవాటు. తెరవవలసిన చోట మూసుకున్నది ఒక్కసారి. దాని గురించే ఇది.

మధ్యలో నేను నా తరఫున వాదించడం మొదలుపెడితే మీరు పట్టించుకోకండి. అది పాత జబ్బు. నేనే ఆపుకుంటాను.

నాకొక స్నేహితురాలు ఉంది, ఆవిణ్ణి సలోమి అంటాను. అసలు పేరు అది కాదు. బాపట్లలో బి.ఏ. చదివేటప్పుడు హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. నేను వక్తృత్వ పోటీల్లో బల్ల గుద్ది మాట్లాడి కప్పులు తెచ్చేదాన్ని. సలోమి వెనక బెంచీలో కూర్చుని, చిరిగిన నా ఓణీ అంచు కుడుతూ వినేది. గదికొచ్చాక ఒక్క ముక్క అనేది: "బాగా చెప్పావు గానీ, రెండో మాటే తప్పు." చూస్తే నిజంగానే తప్పయి ఉండేది. కప్పు నాది, తీర్పు ఆవిడది. ఇది నన్ను ఎంత కాల్చేదో అప్పుడు నాకే తెలియదు. తెలియదా? తెలుసు. ఒప్పుకోలేదు, అంతే.

చదువయ్యాక నేను పెళ్ళి చేసుకుని తెనాలి వచ్చి, పెరట్లో రేకుల షెడ్డు వేసి కుట్టుమిషన్లు పెట్టాను. సలోమి రేపల్లెలో వాళ్ళమ్మ ఇంటి వసారాలో పెట్టింది. వాళ్ళమ్మ క్రైస్తవ మిషన్ కాంపౌండులో కుట్టు నేర్చుకున్న మనిషి. చర్చి క్వయరు వాళ్ళ బట్టలన్నీ ఆ ఇంట్లోనే కత్తిరించేవాళ్ళు. సలోమి కింద పనిచేసేవాళ్ళంతా పొలం పనులు మానుకుని నీడపట్టున కూర్చున్న ఆడవాళ్ళు. నా షెడ్డులోవాళ్ళూ అంతే. లంగాలు, దిండు గలీబులు, స్కూలు యూనిఫారాలు. ఏదో నడిచేది.

ఎనభైల చివర్లో మద్రాసు నుంచి ఒక ఎగుమతి కంపెనీ మేనేజరు మా షెడ్డుకి వచ్చాడు. విదేశాలకి పంపడానికి గోల్ఫు కర్రల తొడుగులు కావాలన్నాడు. మాలో గోల్ఫు చూసినవాళ్ళు ఎవరూ లేరు. కర్ర చివర చెక్కతో చేసిన తల ఉంటుందట. ఆ తలకి దెబ్బ తగలకుండా, పాలిష్ గీసుకుపోకుండా, ఆడనప్పుడు తొడుగు వేసి ఉంచుతారట.

"దొరల కర్రకి జలుబు చేస్తుందా అండి, కుల్లాయి పెట్టడానికి?" అంది మా షెడ్డులో కుట్టే అనసూయమ్మ. షెడ్డంతా నవ్వింది. మేనేజరు కూడా నవ్వాడు.

నిజం కర్ర ఆయన తేలేదు. దాని తలంత చెక్క అచ్చు ఒకటి సంచిలోంచి తీసి బల్లమీద పెట్టాడు. మెడతో సహా తెగిపడిన బాతు తలకాయలా ఉంది. ఒంటిచేత్తో తీయగలగాలి, నడుస్తుంటే జారిపోకూడదు, లోపల చెక్కకి ఏదీ గీసుకోకూడదు, మిగతా డిజైను మీ ఇష్టం అన్నాడు. రేపల్లెలో నా స్నేహితురాలు కూడా కుడుతుందని నేనే చెప్పాను. ఆ మాట చెప్పినందుకు చాలాకాలం నన్ను నేను మెచ్చుకునేదాన్ని. "అయితే ఇద్దరూ చెయ్యండి. నచ్చినదానికే ఆర్డరు. ఆవిడకి ఇలాంటిదే ఇంకో అచ్చు చేయించి ఇవ్వండి" అని మేనేజరు వెళ్ళిపోయాడు.

వడ్రంగి చేత చేయించాను. అచ్చు గుద్దినట్టు కుదిరింది. ఇక్కడిదాకా నాలో ఏ తప్పూ లేదు. కావాలంటే వడ్రంగిని... అదిగో, మొదలుపెట్టాను. ఆపేస్తున్నాను.

నేను వెల్వెట్టు గుడ్డకి జిప్పు వేసి కుట్టాను. చూడ్డానికి బాగుంది. ఒక్కసారి వేసి తీసేసరికి జిప్పు పళ్ళు అచ్చు మీద గీత పెట్టాయి. జిప్పు కింద పట్టీ వేశాను, పట్టీ ఇరుక్కుంది. ఆ సమయంలోనే సలోమి పాసింజరు బండిలో రేపల్లె నుంచి వచ్చింది. మేనేజరు ఇచ్చిన అచ్చు చూసింది. రెండు చేతుల్తో పట్టుకుని, పసిబిడ్డ తలకి నూనె రాస్తున్నట్టు తడిమింది. పాత క్యాలెండరు కాగితం అడిగింది. ముగ్గులా గీసి, కత్తిరించి, గుండుసూదులు పెట్టి తొడిగింది. సరిగ్గా సరిపోయింది.

జిప్పు లేదు. బొత్తాం లేదు. దిండు గలీబు నోటికి ఒక అంచు మీద ఇంకో అంచు మడిచి పెడతాం చూడండి, అదే. మెడ దగ్గర మేజోడులా పట్టు. బయట కార్డురాయ్, లోపల ఫ్లానెల్. ఇంటింటా దిండ్ల మీద ఉన్నదే. నేను అప్పటికి ఎన్ని గలీబులు కుట్టి ఉంటాను? నాకెందుకు తట్టలేదు?

"నీకు నచ్చితే నువ్వూ ఇదే కుట్టవే. ఎవరికి వస్తే వాళ్ళు రెండోవాళ్ళతో పంచుకుందాం" అంది సలోమి.

"నీ దానం నాకేం అక్కర్లేదు" అన్నాను.

నవ్వేసింది. హాస్టల్లో నవ్వినట్టే. నీ రెండో మాటే తప్పు అన్నట్టు. ఆ కాగితం జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది. తన అచ్చు అడిగింది. వార్నీషు ఆరలేదు, నేనే తెచ్చిస్తానన్నాను. వార్నీషు ఆరి అప్పటికే చాలాసేపయింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక పెరటి అరుగు మీద కూర్చుని, వడ్రంగి దగ్గర అడిగి తెచ్చిన ఆకురాయితో సలోమి అచ్చుని చుట్టూ అరగదీశాను. తర్వాత ఉప్పుకాగితం పెట్టి రుద్దాను. వడ్రంగి భాషలో చెప్పాలంటే చుట్టుకొలతలో రెండు నూళ్ళు, అంటే పావంగుళం, తగ్గింది. కంటికి తెలియదు. తొడుగుకి తెలుస్తుంది.

లోపల్నుంచి మా అత్తగారు కేకేశారు: "ఏంటమ్మా ఆ గరగర?"

"పేడు లేచిందండి, నునుపు చేస్తున్నా" అన్నాను.

ఆవేశంలో చేసిన పని కాదండి ఇది. చెయ్యి నొప్పెడితే ఆగాను. మంచినీళ్ళు తాగాను. మళ్ళీ కూర్చున్నాను. మానుకోవడానికి ఎన్నిసార్లు వీలుందో అన్నిసార్లూ మానుకోలేదు. నా షెడ్డు ఆడవాళ్ళ కోసం చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఎంత గొప్ప వాదన! ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు వాళ్ళలో ఒక్కళ్ళ ముఖమైనా నాకు గుర్తొచ్చిందా? రాలేదు. సలోమి నవ్వొక్కటే కళ్ళముందు ఆడింది.

మళ్ళీ వార్నీషు పూసి, ఆరబెట్టి, స్వయంగా రేపల్లె తీసుకెళ్ళాను. సలోమి తన కాగితం తీసి అచ్చుకి తొడిగింది. వదులయింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"అరె, వదులుగా ఉందే! ఆ రోజు సరిగ్గా ఉన్నట్టే ఉంది కదే?" అంది.

ఒక్క మాట చాలు. "అవును, ఉంది" అంటే చాలు.

"బండికి టైమవుతోందని తొందరలో గీశావు. నీకెప్పుడూ తొందరే" అన్నాను.

సలోమికి తొందరా! ఆ మనిషి అన్నం కూడా మెతుకు మెతుకు చూసి తింటుంది. అయినా నమ్మింది. కత్తెర తీసి, నా కళ్ళెదుట, సరైన కాగితాన్ని చుట్టూ కత్తిరించి చిన్నది చేసింది. ఆ ముక్కలు వసారాలో పడ్డాయి. నాకు టీ ఇచ్చింది. తాగాను.

మేనేజరు సూర్యలంక సముద్రం చూసే పని కూడా పెట్టుకుని బాపట్లలో దిగాడు. మమ్మల్ని లాడ్జి కింద హాల్లోకి రమ్మన్నాడు. నాతో నా షెడ్డువాళ్ళు, సలోమితో తనవాళ్ళు. గోల్ఫు కర్ర చూద్దామని అందరూ ముస్తాబై వచ్చారు. సలోమి తనమీద నమ్మకంతో ఒకటీ రెండూ కాదు, బుట్టెడు తొడుగులు కుట్టించి తెచ్చింది. ముదురు ఎరుపు, పసుపు పైపింగు, కొసన కుచ్చు. నావాళ్ళే "అబ్బ!" అన్నారు.

మేనేజరు నిజం కర్ర తీశాడు. సలోమి తొడుగు ఎక్కించబోయాడు. ఎక్కలేదు. ఇంకోటి తీశాడు. ఎక్కలేదు. గట్టిగా నెట్టాడు. కుట్టు పర్రుమని చిరిగింది.

"అచ్చు ఇచ్చాం కదమ్మా. కొలత చూసుకోవద్దా?" అన్నాడు.

సలోమి చిరిగిన తొడుగుని చేతిలోకి తీసుకుని చూసింది. ఒక్కసారైనా నావైపు అనుమానంగా చూసి ఉంటే బాగుండేది. చూడలేదు. "జారకూడదని మరీ బిగించేశాను. నా కొలతే తప్పండి" అంది.

అప్పుడు, ఆ హాల్లో, నేను నోరు మూసుకున్నాను.

నా తొడుగు ఎక్కింది. జిప్పు సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఆర్డరు నాదయింది. తర్వాత జిప్పు తీసేసి గలీబు మూతి పెట్టాను. అదేం కొత్త సంగతా, ఇంటింటా ఉన్నదేగా అనుకున్నాను. మద్రాసులో ఆ డిజైను నాదేనన్నారు. కాదనలేదు. ఆ రోజు హాల్లోంచి బయటికి వచ్చేటప్పుడు సలోమి తన అచ్చు నా చేతిలో పెట్టింది. "ఇది నీది. నాకెందుకింక?" అంది. రెండు అచ్చులూ నా బీరువాలో ఒకదాని పక్కన ఒకటి ఉండిపోయాయి.

సలోమి మిషన్లు అమ్మేసి బడిలో టీచరుగా చేరింది. ఆ ఆడవాళ్ళు మళ్ళీ నాట్లకీ కలుపులకీ వెళ్ళారు. బుట్టెడు తొడుగులు ఏమయ్యాయో తెలుసా? వాళ్ళలో ఒకావిడ భర్త బస్సు డ్రైవరు. ఒకటి తీసుకెళ్ళి గేరు రాడ్డుకి తొడిగాడు. బాగుందని తోటి డ్రైవర్లు అడిగారు. కొన్నాళ్ళకి తెనాలి, రేపల్లె మధ్య ఏ బస్సెక్కినా అదే. ముదురు ఎరుపు, పసుపు పైపింగు. గేరు మార్చినప్పుడల్లా కుచ్చు ఊగేది. నేను వెనక సీట్లలో కూర్చోవడం మొదలుపెట్టాను. డ్రైవరు వెనక సీటు కోసం పోట్లాడే మనిషి వెనక్కెందుకు పోతోందని కండక్టర్లు వింతగా చూసేవాళ్ళు. కంటికి కనిపించకపోతే ఏం, గేరు చప్పుడు వినిపించదా?

ఇవన్నీ మోశాను. ఇంకా మోసేదాన్నేమో. కిందటి వేసవిలో సలోమి మా షెడ్డుకి వచ్చింది. సంచిలోంచి రవిక గుడ్డ తీసింది.

"నువ్వు కత్తిరించి కుట్టవే."

"ఏంటే, నీ రవిక నేను కుట్టడమేంటి?"

"బాపట్ల తర్వాత నేను కత్తెర పట్టలేదు. నా చేతి మీద నాకు నమ్మకం లేదు" అంది. మామూలుగా, వంట్లో షుగరుంది అన్నట్టు చెప్పింది.

టేపు తీసి ఆవిడ జబ్బ చుట్టూ పెట్టాను. ఇన్నాళ్ళూ ఒక ఆర్డరు దొంగిలించాననుకుంటున్నాను. ఆర్డర్లు వస్తాయి, పోతాయి. ఒక మనిషి చేతినే దొంగిలించి, ఆ చేతికి నేనే టేపు చుడుతున్నాను. అప్పుడు నిశ్చయించుకున్నాను. ఇది ఆగాలి. ఆవిడ నన్నేం చేసినా సరే.

రవిక కుట్టాను. రెండు అచ్చులూ అదే సంచిలో పెట్టుకున్నాను. బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. దారిపొడుగునా ఆ కుచ్చునే చూస్తూ వెళ్ళాను. సలోమి వసారాలో అచ్చులు రెండూ ముందుపెట్టి చెప్పాను. ఆకురాయి, ఉప్పుకాగితం, వార్నీషు, "నీకెప్పుడూ తొందరే" అన్న మాట. దేన్నీ మెత్తగా చెప్పలేదు. ఎందుకు చేశానో కూడా చెప్పాను. ఏడవలేదు. ఏడిస్తే ఆవిడ ఓదార్చవలసి వస్తుంది. అదీ ఆవిడ మీదే వెయ్యాలా?

సలోమి కళ్ళు మూసుకుని ఒక అచ్చు తడిమింది. తర్వాత రెండోది.

"ఇది చిన్నది" అంది.

కళ్ళు తెరిచింది. "ఆ రోజు కాగితం వదులైనప్పుడు నాకు అనుమానం వచ్చిందే. నీ మీద కాదు, నా మీద."

అచ్చులు రెండూ ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టింది.

"బాపట్లలో అందరి ముందూ పోయింది. ఇప్పుడు నా ఒక్కదాని చెవిలో చెప్తే సరిపోతుందా?" అంది. అంతే. క్షమించాననలేదు, పొమ్మనలేదు. పెద్ద అచ్చు లోపలికి తీసుకెళ్ళింది. చిన్నది నా వైపు తోసింది. రవిక విప్పి చూడలేదు. నేను వచ్చేస్తుంటే వెనక్కి పిలవలేదు.

మర్నాడు షెడ్డులో మిషన్లన్నీ ఆపించి చెప్పాను. అనసూయమ్మ "ఎంత పని చేశారండీ" అంది. దానికీ నేను తిరుగు జవాబు చెప్పలేదు. ఆ రోజు సలోమితో బాపట్ల వచ్చినవాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి చెప్తున్నాను. కొందరు తలుపేశారు. నగరం అనే ఊరి దగ్గర ఒకావిడ కలుపు తీస్తూ, తల ఎత్తకుండానే, "అవునా" అంది. ఇంకా కొందరున్నారు. వెళ్తాను.

మీకూ చెప్తున్నాను. నా పేరు రాస్తే ఆవిడ పేరూ తెలిసిపోతుంది. ఆవిడ అది అడగలేదు కాబట్టి పేరు రాయడం లేదు. మీరు నన్ను సమర్థించకండి. ఆ పని నాకు మీకన్నా బాగా వచ్చు. పేడు బయటికి వచ్చింది. పుండు ఇంకా ఉంది, అయినా మాట తేలిగ్గా వస్తోంది. ఆ హాల్లో చెప్పవలసిన మాట ఇప్పుడు చెప్తున్నాను, వినండి.

అచ్చుని అరగదీసింది నేను. సలోమి కొలత సరిగ్గానే ఉంది.