పచ్చిపులుసు ఉత్తరాలు

గా దినాలు యాదికొస్తే ఇప్పటికీ నాకు ఒక్కకాడ కూసోబుద్ధి కాదు. బహ్రెయిన్‌కు కొత్తగ పోయిన, మీసాలు ఇంకా సక్కగ రాలేదు, అయినా లోకం మొత్తం నేనే తిప్పుతున్న అన్నంత హుషారు. (ఊర్లె మాత్రం నేను దుబాయి పోయిననే చెప్పుకునేటోళ్లు. మావోళ్లకు సముద్రం అవతల ఏ ఊరైనా దుబాయే.) అస్కర్ అనేకాడ మా క్యాంపు, కిటికీల నుంచి చూస్తే కంపెనీ పొగగొట్టాలు, రూములున్నోళ్లమందరం ఒక్క ఊరోళ్లమే. అందరి చేతుల్ల ఫోన్లు. ఇంటి వాకిలి, పొయ్యి మీది కూర, కొత్తగ ఈనిన బర్రె, అన్నీ ఫోన్లనే చూసేటోళ్లం. ఉత్తరమన్న మాటనే మరిచిపోయిన మనుషులం. అసుంటి మేము ఒక పోస్టాఫీసు కోసం లొల్లి చేసినమంటే ఇప్పుడు నా బిడ్డ కూడ నమ్మదు.

మా ఊర్లె పోస్టాఫీసంటే మా ఇంటి ముందటి అర్రనే. పోస్టు మాస్టరు మా అక్క. బావ సచ్చిపోయినంక ఇద్దరు పిల్లలను పట్టుకొని ఆ కొలువు మీదనే నిలవడ్డది. ముసలోళ్ల పింఛన్లు, బీడీలు చేసే ఆడోళ్ల జమలు, అన్నీ ఆమె చేతి మీది నుంచే. ముద్ర గుద్దేటప్పుడు చూడాలె ఆమెను, కలెక్టరమ్మ సంతకం పెట్టినట్టే ఉంటది. అసుంటిది ఒకనాడు ఫోన్ చేసి, పోస్టాఫీసు మూస్తరట తమ్మీ, అన్నది. పక్కూర్లె కూడ ఒక పోస్టాఫీసున్నది, ఉంటే అదొక్కటే ఉండాలెనని ఆ ఊరి పెద్దమనిషి పట్టు. దానికి స్లాబు అర్ర ఉత్తగనే ఇస్తనని పైన చెప్పించిండట. రెండూర్లకు రెండెందుకు, లెక్కలు చూసి ఆదాయం లేనిది మూసేద్దాం అని తపాలా పెద్దసారు అన్నడట. మూస్తే అక్కను ఎక్కడనో అడవి దిక్కుకు వేస్తరు, పిల్లలను ఏడ పెట్టుకోవాలె? మా ఊరి సర్పంచు, మాజీ సర్పంచు కలిసి పోయి గట్టిగ అడిగితే పని అయ్యేదే. కాని వాళ్లిద్దరు ఒక్క జీపుల కూసోరు. ఒకాయన పోస్టాఫీసు కోసం బయలెల్లిండని తెలిసి ఇంకొకాయన గదే నాడు బోరింగు కోసం బయలెల్లిండు.

ఈ రాజకీయం ఊర్లెనే ఉంటే బాగుండు, మా రూములకు కూడ వచ్చి పండుకున్నది. ఒకే ఇనుప మంచం. పైన పండేటాయన సర్పంచు మనిషి, కింద పండేటాయన మాజీ సర్పంచు మనిషి. ఒకరిని పైమంచం మామ అనేటోళ్లం, ఇంకొకరిని కిందిమంచం బావ. మామ అటు ఇటు పొర్లితే, ఇగో మీ పార్టీ ఊగుతున్నది అని బావ కిందికెళ్లి ఒక తన్ను తన్నేటోడు. ఇద్దరికీ అక్క అంటే పానమే, గని పోస్టాఫీసు నిలిస్తే పేరెవరికి రావాలె అన్నకాడ తెగకపోయేది.

అప్పుడు నాకు మెరుపసుంటి ఆలోచన వచ్చింది. పోస్టాఫీసుకు ఆదాయం ఎట్లొస్తది? ఉత్తరాలతోని. ఉత్తరాలెవరు రాస్తలేరు? మేమే. ఇగ చూసుకో, కుప్పలకు కుప్పలు ఉత్తరాలు పంపితే పెద్దసారు కండ్లు తిరిగి పడాలె. రూము మధ్యల నిలవడి చెప్తుంటే నా మీద నాకే ముద్దొచ్చింది. మామ సై అన్నడు, మామ సై అన్నడని బావ కూడ సై అన్నడు, ఎవరి పార్టీ ఉత్తరాలు ఎక్కువో చూసుకుందామన్నరు. ఓవర్‌టైం చేసొచ్చినోడు కూడ కాయితం ముందటేసుకున్నడు. గని రాయనీకి ఏమున్నది? పొద్దుగాలనే పెండ్లాంతోని వీడియోల మాట్లాడినోడు మళ్ల కాయితం మీద ఏం చెప్తడు? ఒకాయన అయితే, నువ్వు పొద్దుగాల చెప్పిందే నిజమా అని రాసి కలం పక్కన పెట్టిండు. ఆఖరికి అందరు నా మీద పడ్డరు, నీ రాత మంచిగుంటది తమ్మీ, నువ్వే రాయి అని.

నేను రాసిన. ఒక్కటే ఉత్తరం, అందరికీ అదే. (పెండ్లి కానోనికి పెండ్లాం ఉత్తరం రాసే పని ఇస్తే ఇంకేం చేస్తడు?) ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరందరు క్షేమమని తలుస్తను, ఈ ఎండకు నీ చేతి పచ్చిపులుసు యాదికొస్తున్నది, నువ్వు లేక నా మనసు ఒంటె లెక్క తిరుగుతున్నది. అప్పటికి నేను ఒంటెను చూడనే లేదు, ఎడారిల ఉన్నం కదా, ఒంటె లేకుంటే బాగుండదని పెట్టిన. పేర్లు మార్చుకుంట, వేళ్లు నొప్పెట్టేదాకా రాసిన. తెల్లారి క్యాంపు డ్రైవర్ భాయ్ బండిల మనామా పట్నంకు పోయి సంచిల నుంచి కవర్లు కుమ్మరిస్తే పోస్టాఫీసు కౌంటరు మీది అరబ్బాయన మమ్ముల ఎగాదిగా చూసి, సబ్ ఏక్ హీ గావ్, అన్నీ ఒక్క ఊరికేనా? అని అడిగిండు. అవునన్నం. ఆయన మొఖం పండుగోలె వెలిగింది. స్టాంపులు అతికిచ్చుకుంట, కల్ భీ లావ్ భాయ్, రేపు కూడ తెమ్మన్నడు. మేము మళ్ల వారం కూడ తీస్కపోయినం, ఆ మళ్ల వారం కూడ.

ఇగ ఊరు గెలిచినట్టే అని నేను ఛాతి ఇరుసుకొని తిరుగుతుంటే అక్క ఫోన్ చేసింది.

“తమ్మీ, మీరు అతికిచ్చినయి బహ్రెయిన్ స్టాంపులు. ఆ ఆదాయం ఆడి పోస్టాఫీసుకే పోతది. ఈడ కొని, ఈడ ముద్ర గుద్దిందే నా లెక్క. నాకు పంచుడే మిగిలింది.”

నా కాళ్ల కింద మంచం కదిలింది. (మామ దిగుతున్నడు.) మేము రాత్రింబవళ్లు రాసి, జీతంలకెళ్లి తీసి, అరబ్బాయన పోస్టాఫీసును నిలవెట్టినమన్నట్టు. మా అక్క పోస్టాఫీసు ఎట్లున్నది అట్లనే ఉన్నది. పెద్దసారు లెక్కలు చూడనీకి ఎక్కువ దినాలు కూడ లేవు. ఆ పూట నేను అన్నం తినలేదు. కొలువు పోతే అక్క ఆ ముద్రను అప్పజెప్పి, ముందటి అర్రకు తాళమేసుకునుడే కండ్ల ముందర మెదిలింది.

గని నాకు తెల్వని సంగతి ఒకటి ఆడ, మా ఊర్లె, చెట్టు కింద బీడీలు చేసేకాడ నడిచింది. ఆడోళ్లందరు ఒక్కకాడ కూసుంటే, నా మొగడు ఎంత మంచిగ రాసిండో చూడు అని ఒకామె సదివింది. పక్కామె చేతుల ఆకు ఆగింది. ఆమె తన కవరు తీసింది, ఇంకొకామె తనది తీసింది. అందరిండ్లల్ల అదే పచ్చిపులుసు, అందరి మొగోళ్ల మనసు అదే ఒంటె. అండ్ల పైమంచం మామ పెండ్లాం అత్తమ్మ కతనే వేరు. మామకు పులుపు పడదు, ఆ ఇంట్ల పచ్చిపులుసు చేసిందే లేదు.

ఇగ మొదలైంది సూడుండ్రి. ఫోన్ల తిడితే మొగోళ్లు నెట్‌వర్క్ లేదని కట్ చేస్తరు, పక్కన పదిమంది వింటరని ఆడోళ్లకూ సిగ్గు. కాయితం మీది తిట్టును కట్ చేయరాదు గదా. ఊరి ఆడోళ్లందరు అక్క అర్ర ముందర లైను కట్టిండ్రు. ఉత్తగ పంపితే చించి పారేస్తరని, సంతకం పెట్టి తీసుకోవాలెనని, అందరూ రిజిస్టరు పోస్టే చేసిండ్రు. దుబాయికి రిజిస్టరు అంటే ఎంత స్టాంపు! అక్క దగ్గర స్టాంపులు అయిపోయి మండలం పోస్టాఫీసుకెళ్లి తెప్పిచ్చుకున్నదట. అత్తమ్మ ఉత్తరం మామ నాతోనే సదివిచ్చుకున్నడు, కండ్లద్దాలు పలిగినయని. అండ్ల ఒక్కటే మాట ఉన్నది.

“నేను చెయ్యని పచ్చిపులుసు ఎవతి చేతిది తింటున్నవ్?”

మామ నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ మరువలేదు. పైమంచం నుంచి కిందిమంచం దాకా నన్ను ఉరికిచ్చిండు, బావ కూడ పార్టీ మరిచి కలిసిండు. వాళ్లిద్దరు ఒక్కటైంది అప్పుడే. నేను మూడు పార్టీలకు సమానంగ క్షమాపణ ఉత్తరాలు రాసిచ్చిన (మూడోది పెండ్లాల పార్టీ). ఆడికెళ్లి జవాబులు, వాటికి మళ్ల జవాబులు, పెద్దసారు వచ్చిన నాటికి కూడ అక్క ముద్ర గుద్దుతనే ఉన్నదట. ఆయన కుర్చీల కూసొని శానాసేపు లైను చూసి, గింత చిన్నూర్లె గిన్ని విదేశీ రిజిస్టర్లా, దీన్నెట్ల మూస్తమమ్మా, అని చాయి తాగి పోయిండట. పక్కూరోళ్ల స్లాబు అర్రల ఇప్పుడు యూరియా బస్తాలున్నయి.

ఆ వార్త తెలిసి క్యాంపుల మేము ఎగిరిన ఎగురుడుకు క్యాంపు బాస్ వచ్చి, ఖలాస్, ఖలాస్, ఇగ ఆపుండ్రి అని గద్దించిండు. ఊర్లె సర్పంచు ఒక ఫ్లెక్సీ కట్టిండు, పోస్టాఫీసును కాపాడిన నాయకుడు అని. మాజీ ఆయన ఇంకొంచెం పెద్దది కట్టిండు. వానకాలం రాంగనే అక్క పోయి ఇద్దరినీ బతిమిలాడి ఆ రెండు ఫ్లెక్సీలు తెచ్చి, కారుతున్న అర్ర పెంకుల మీద కప్పించింది. ఒక్క జీపుల కూసోనోళ్లు మా ఇంటి మీద పక్కపక్కనే పండుకున్నరు.

అన్ని ఉత్తరాల ఆఖరికి నా పేరు మీద కూడ ఒకటి వచ్చింది. కడమ కవర్ల మీది ముద్రలు తొందరల గుద్దినయి, అలికిపోయినయి. దీని మీద మాత్రం మా ఊరి పేరు ప్రతి అక్షరం సాఫ్‌గ ఉన్నది. నిదానంగ, ఒత్తి గుద్దింది. అండ్ల, తమ్మీ, మీవోళ్లను ఇగ రాయొద్దను, ముద్ర గుద్ది గుద్ది చెయ్యి గుంజుతున్నది, పోస్టు ఉన్నది, అని రాసింది. ఆ ఆఖరి రెండు మాటలు సదివి నేను బాత్‌రూంల పోయి ఏడ్చిన. సంతోషంతోనే.

ఇప్పుడు నేనే ఫోర్‌మన్‌ని, పొట్ట వచ్చింది, కండ్లద్దాలొచ్చినయి, ఒంటెలను కూడ శానా చూసిన. మొన్న ట్రంకుపెట్టె సదురుతుంటే ఆ కవరు చేతికొచ్చింది. చూడని ఒంటెను రాసి, దాని మీదనే ఊరంతటిని మోసిన ఆ మీసాల్లేని పోరన్ని తలుచుకొని ఒక్కన్నే నవ్వుకున్న. అక్కకు ఫోన్ చేసి, ఉత్తరం రాయబుద్ధి అయితున్నదే అన్న. రాయి, గని పచ్చిపులుసు పెట్టకు, అన్నది.